కృపానందం మాస్టారి రహస్యోపవాసం

తలకు నూనె రాసుకోవడం సామాన్యులు భావించేటంత సామాన్యమైన కార్యం కాదు. రాజులకు పట్టాభిషేకాలు జరిగింది నూనెతోనే. ప్రవక్తల శిరస్సులను పవిత్రం చేసిందీ నూనే. కనుక ఏలూరు పొలిమేరలోని వట్లూరులో, ఒకానొక శుక్రవారం ఉదయం, విశ్రాంత ప్రధానోపాధ్యాయులూ సంఘ పెద్దా అయిన కృపానందం గారు తన తల వెనుక నెలవంక ఆకారంలో మిగిలి ఉన్న కేశసంపదకు కొబ్బరినూనె పట్టించిన ఘట్టాన్ని కూడా ఆ వరుసలోనే చేర్చడం న్యాయం. నెలవంకకు సరిపోగా మిగిలిన నూనెను ఆయన వృథా కానివ్వక, చాలాకాలంగా బీడుపడి ఉన్న పూర్వభాగానికి కూడా విస్తరింపజేశారు. దానితో ఆ శిరస్సు పెరటి కిటికీలోంచి వస్తున్న ఎండను అందుకొని, ఎదుటి గోడ మీద గుండ్రని వెలుగునొకదాన్ని నిలబెట్టింది.

ఈ అభిషేకానికి బలమైన కారణం ఉంది. సంఘ కాపరి ఎడ్విన్ అయ్యగారు ఆ వారం మొదట్లో ఇంటికి వచ్చి, రాబోయే ఆదివారం ప్రసంగం మాస్టారే చేయాలనీ, అంశం ‘క్రైస్తవ జీవితంలో ప్రార్థనకూ ఉపవాసానికీ ప్రథమ స్థానం’ అనీ చెప్పి వెళ్ళారు. ఆ అంశం మీద కృపానందం గారి అధికారం నిర్వివాదం. లేఖనాల్లో ఎవరెవరు, ఎక్కడెక్కడ, ఏ కష్టం వచ్చి ఉపవాసం ఉన్నారో నిద్రలో లేపి అడిగినా చెప్పగలరు. లోటల్లా ఒక్కటే. ఆయన స్వయంగా ఒక్క ఉపవాసాన్నయినా సాయంత్రం దాకా లాక్కురాలేదు.

ప్రయత్నించలేదని కాదు. ఒక ఉపవాసం పక్కింటి పోపు వాసనకు బలి అయింది. మరొకదాన్ని, వైద్యుడు వద్దంటాడేమోనన్న అనుమానం మీద, వైద్యుణ్ణి అడగకుండానే విరమించారు. ఇంకొకటి ఇంటికి అతిథి వచ్చినందున ఆతిథ్య ధర్మానికి లొంగింది. తాను తినే వచ్చానని ఆ అతిథి ఎంత మొత్తుకున్నా వినక, మాస్టారు ఒక్కరే పీట మీద కూర్చుని ఆ ధర్మాన్ని నెరవేర్చారు.

అయితే ఆయన బడిలో ఉన్నంతకాలం, తాను ముందు చేసి చూడని లెక్కను పిల్లలకు ఇచ్చి ఎరగరు. ఆ అభిమానం ఇప్పుడు అడ్డం తిరిగింది. ఆకలి ఎరగని నోటితో ఉపవాసం గురించి చెప్పడానికి మనసొప్పలేదు. ఈ శుక్రవారం సూర్యుడు అస్తమించేదాకా మంచినీళ్ళు తప్ప మరేదీ ముట్టరాదని నిశ్చయించుకున్నారు. నెగ్గితే ఆదివారం వేదిక ఎక్కుతారు. నెగ్గకపోతే మర్నాడే అయ్యగారి దగ్గరకు వెళ్ళి, నాకు యోగ్యత లేదు, వేరెవరినైనా చూసుకోండి అని తప్పుకొంటారు. ఒక పట్టణమంతా మాస్టారూ అని పిలిచే మనిషికి ఇది చిన్న పందెం కాదు.

ఇక రహస్యం సంగతి. ఉపవాసం ఉన్నవాడు మొహం వేలాడేసుకొని వీధిన పడకూడదనీ, తలకు నూనె రాసుకొని, ముఖం కడుక్కొని, పరలోకపు తండ్రికి తప్ప అన్యులకు తెలియకుండా ఉండాలనీ ప్రభువు చెప్పిన మాటను మాస్టారు తుచ తప్పకుండా పాటించదలిచారు. పాటించడంలో ఆయనెప్పుడూ కొంచెం ఎక్కువే పాటిస్తారు. నూనె మీద పౌడరు వేశారు. పౌడరు కింద గంజిపెట్టిన లాల్చీ, పదవీ విరమణ నాడు కప్పిన పట్టు కండువా అమర్చారు. అద్దంలో చూసుకొంటే ఇంతకన్నా తృప్తిగా తిన్న మనిషి పశ్చిమ డెల్టాలో మరొకడు లేడనిపించింది. భార్యకు కూడా తెలియకూడదన్నది ఆయన స్వయంగా చేర్చుకున్న నియమం.

వంటింట్లో సరోజ గారు పెసరట్టు తిరగేస్తున్నారు. పౌడరు వాసన ముందు వచ్చింది, భర్త తరువాత వచ్చారు.

“ఎక్కడికండీ, పొద్దున్నే పెళ్ళికొడుకులాగా?”

“చిన్న పనుంది. నాకు అట్టు వెయ్యకు. బయట తింటాను.”

“బయటంటే? ఎవరింట్లో?”

ఈ ప్రశ్నకు సమాధానం ముందుగా సిద్ధం చేసుకోకపోవడం ఆయన ప్రణాళికలోని ఏకైక రంధ్రం. ఏదో ఒక ఇంటి పేరు చెప్పాలి. చెబితే, ఆయన వీధి మలుపు తిరగకముందే సరోజ గారు ఆ ఇంటికి ఫోను చేసి, మాస్టారికి కారం తగ్గించండి అని చెబుతారు. సంఘంలో ఫోను వెళ్ళని ఇల్లంటూ లేదు. ఆలోచించగా ఆలోచించగా ఒక్క ఇల్లు మాత్రం ఉన్నట్టు తోచింది.

ఆ ఇల్లు ప్రసాదరావు గారిది. విద్యుత్ శాఖలో ఇంజనీరుగా చేసి విశ్రాంతి తీసుకొంటూ, కొల్లేటి అంచున చేపల చెరువులు సాగు చేసే పెద్దమనిషి. ఆ చెరువులు కొల్లేరు హద్దుకు బయట ఉన్నాయని ఆయన అభిప్రాయం. లోపల ఉన్నాయని మిగిలినవారి అభిప్రాయం. ఆయన కంఠానికి మైకు అక్కరలేదు, ఆయన ప్రార్థనకు ముగింపు అక్కరలేదు. కొన్ని క్రిస్మస్‌ల కిందట సంఘ ప్రేమవిందులో, బిర్యానీ గుండిగల మూతలు తీసిన తరువాత, భోజనం ముందటి ప్రార్థనను ఎవరో అనాలోచితంగా ఆయనకు అప్పగించారు. సృష్టి ఆరంభం దగ్గర మొదలుపెట్టి ఆయన ఇశ్రాయేలీయులను ఎర్రసముద్రం ఒడ్డుకు చేర్చేసరికి బిర్యానీ మీద ఆవిరి ఆగిపోయింది. సముద్రం ముందు ఊపిరి తీసుకోవడానికి ఆయన ఒక్క క్షణం ఆగారు. ఆ క్షణంలో కృపానందం గారు ‘ఆమేన్’ అన్నారు. ఆయన గట్టిగా అన్నారని ఒక వర్గం, లోపల అనుకోబోయి బయటికి వచ్చిందని మరొక వర్గం. ఏమైతేనేం, సంఘమంతా ‘ఆమేన్’ అని కూర్చుంది. ఇశ్రాయేలీయులు ఒడ్డునే ఉండిపోయారు. ప్రసాదరావు గారు కళ్ళు తెరిచేసరికి నిలబడి ఉన్నది తానొక్కరే. మిగిలిన అందరి చేతుల్లోనూ కోడి ముక్కలున్నాయి. నాటి నుంచి చర్చిలో ఆయన కుడివైపు బల్లల్లోనూ, మాస్టారు ఎడమవైపు బల్లల్లోనూ కూర్చుంటున్నారు. రెండు ఇళ్ళ మధ్య మాటా లేదు, ఫోనూ లేదు.

కనుక వాకబు జరిగే ప్రమాదం లేని ఇల్లు లోకంలో అదొక్కటే.

“ప్రసాదరావు గారింట్లో” అన్నారు మాస్టారు.

పెనం మీద అట్టు మాడింది. ఆ ఇంట్లో అట్టు మాడటం ఎవరూ ఎరగరు. సరోజ గారు మంట తగ్గించి, చేతులు కొంగుకు తుడుచుకొని, భర్త తలనీ, పౌడరునీ, పట్టు కండువానీ వరుసగా చూశారు. చూసిన కొద్దీ ఆవిడ కళ్ళు నీళ్ళతో నిండాయి.

“నిజంగానా అండీ?”

మాస్టారు తల ఊపారు. తల ఊపడం అబద్ధమాడటం కన్నా ఒక మెట్టు తక్కువ పాపమని ఆయన నమ్మకం. ఉపవాసం మనిషిని అన్నానికి దూరం చేస్తుందని ఎన్నో వ్యాఖ్యానాల్లో చదివారు కాని, మొదటి అరగంటలోనే సత్యానికి కూడా దూరం చేస్తుందని ఎవరూ రాయలేదు.

“వెళ్ళండి. పెట్టింది వద్దనకండి” అన్నారావిడ. “సలోమి వదిన చేతి అల్లప్పచ్చడి తిని ఎన్నాళ్ళయిందో. నేను అడిగానని చెప్పండి.”

సలోమి అంటే ప్రసాదరావు గారి భార్య. ఈ చివరి మాట మాస్టారికి ఎక్కడో గుచ్చుకుంది. బల్లలు మారింది తానూ ప్రసాదరావూ గాని, పచ్చడి పోగొట్టుకున్నది ఆడవాళ్ళని అప్పటిదాకా ఆయన గమనించలేదు. గమనించి, ఆ సంగతిని ప్రసంగంలో ఎక్కడ వాడుకోవచ్చునా అని యోచిస్తూ, ఆటో ఎక్కారు.

ఆయన వెనుక వీధి తలుపు పడిందో లేదో, ప్రహరీ అవతల నుంచి సూర్యకాంతం గారు తల ఎత్తారు. సంఘ స్త్రీల సమాజానికి ఆవిడ కార్యదర్శి. సమాజానికి ఇంకా తెలియని సంగతులను తెలియజేయడమే కార్యదర్శి పని అని ఆవిడ సిద్ధాంతం. మాస్టారు అంత ముస్తాబుగా ఎక్కడికని ఆవిడ అడిగారు. ఆనందం పట్టలేక సరోజ గారు చెప్పారు. సూర్యకాంతం గారు స్తోత్రం అని, లోపలికి వెళ్ళి ఫోను తీశారు.

మాస్టారు సాయంత్రం దాకా తలదాచుకోవడానికి ఎంచుకున్నది శేషగిరిరావు గారి ఇల్లు. ఆయన అదే బడిలో తెలుగు పండితుడుగా పనిచేసిన స్నేహితుడు, పౌరోహిత్యం చేసే కుటుంబంలో పుట్టినవాడు. సంఘం వార్తలు ఆ గడప దాటవు కనుక క్షేమకరమైన స్థలం. ఒక్క చిక్కు. ఆ ఇంట్లో మధ్యాహ్న భోజనం ఉంటుంది.

భోజనానికి లేవమన్నారు. తిని వచ్చానన్నారు మాస్టారు. కొంచెం రుచి చూడమన్నారు. గొంతు దాకా తిన్నానన్నారు. ఆ గొంతు సరిగ్గా ఆ సమయంలోనే ఒక మింగుడు మింగింది. శేషగిరిరావు గారు ముద్దపప్పు మీద నెయ్యి వేసుకుంటుంటే ఆ ధార ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో కృపానందం గారు ఎంత శ్రద్ధగా చూశారంటే, గుమ్మడికాయ పులుసులోకి చెయ్యి పెట్టబోయిన పండితుడు ఆగి, స్నేహితుడి ముఖం పరిశీలించారు.

“మాస్టారూ, ఏకాదశి నాడు నేను ఎదుటివాడి విస్తరి వంక ఇలాగే చూస్తానండి” అన్నారు మెల్లగా. “మీకూ ఏకాదశి ఉందని నాకు తెలీదు.”

మాస్టారు కిటికీ దగ్గరకు వెళ్ళి సూర్యుణ్ణి చూశారు. సూర్యుడు నడినెత్తిన, ఎక్కడికీ వెళ్ళే ఉద్దేశం లేనట్టుగా ఉన్నాడు. అయినా ఆయనలో ఒక కొత్త గర్వం మొలకెత్తింది. నెయ్యి వేసిన ముద్దపప్పును ఎదుర్కొని నిలిచాను. ఇంతకన్నా పెద్ద శోధన ఏముంటుంది అనుకున్నారు.

ఫోను మోగింది. ఎడ్విన్ అయ్యగారు.

అయ్యగారి కంఠం గద్గదంగా ఉంది. సంగతంతా తెలిసిందనీ, ఏళ్ళ తరబడి తాను చేస్తున్న ప్రార్థనకు ఈ రోజు జవాబు వచ్చిందనీ అన్నారు. ఎవరు చెప్పారని మాస్టారు అడిగారు. మీ ఇంటి నుంచీ కబురు వచ్చింది, ప్రసాదరావు గారి ఇంటి నుంచీ కబురు వచ్చింది అన్నారు అయ్యగారు.

“ఆయన ఇంటి నుంచా?”

“అవునండి. మీరు అక్కడ టిఫిను చేశారని సరోజమ్మ గారి మాట, ఆయన మీ ఇంట్లో చేశారని సలోమమ్మ గారి మాట. ఎవరి ఇంట్లో అయితే ఏముందండి మాస్టారూ. ఇడ్లీ ఒక చోట, కాఫీ ఒక చోట అయి ఉంటుంది. ఇద్దరు సాక్షుల నోట ప్రతి మాటా స్థిరపడుతుంది కదా.”

ఇద్దరు సాక్షులు రెండు రకాలుగా చెప్పిన మాట ఎలా స్థిరపడుతుందో అడిగే సందు అయ్యగారు ఇవ్వలేదు. ఇద్దరి మధ్యా సఖ్యత కుదిరినందుకు సమాధాన విందు నిశ్చయమైపోయింది. ఈ సాయంత్రమే, ప్రసాదరావు గారి చెరువు గట్టున. కొర్రమీను పులుసు. రెండు కుటుంబాల స్త్రీలూ కలిసి వండుతున్నారు. సంఘమంతా వ్యానుల్లో వస్తోంది. చీకటి పడితే కొల్లేటి దోమలు మనుషులను నిలవనివ్వవు కనుక, పొద్దు ఉండగానే భోజనాలు ముగించాలి.

ఫోను పెట్టేసిన తరువాత మాస్టారు చాలాసేపు కండువా అంచు సవరించుకొంటూ కూర్చున్నారు. అవతలి ఇల్లు ఈ అబద్ధాన్ని ఎందుకు సమర్థించింది? తన ఇంటికి రాని మనిషి వచ్చి తిన్నాడంటే ప్రసాదరావు ఖండించాలి. ఖండించలేదు సరికదా, తానే మాస్టారింటికి వెళ్ళి తిన్నట్టు చెప్పి పైమెట్టు ఎక్కాడు. దీనికి ఆయనకు ఒక్కటే అర్థం తోచింది. అది వల. సంఘమంతటి ముందూ లేపి నిలబెట్టి, మాస్టారూ, మీరు మా ఇంట్లో ఏం తిన్నారో చెప్పండి అని అడగడానికి పన్నిన వల.

వెళ్ళకపోతే సరోజ ముఖం చెల్లదు. పచ్చడి కోసం అంతగా మొహం వాచి ఉన్న మనిషి. వెళితే పొద్దు ఉండగానే ముద్ద నోట్లో పెట్టాలి. ఉపవాసం మంట కలుస్తుంది, దానితో ఆదివారం కూడా. పెట్టనంటే సమాధాన విందులో చెయ్యి కడిగేసుకున్న వైరి అవుతారు. కారణం చెబితే రహస్యం పోతుంది, పొద్దున్న చెప్పిన అబద్ధం బయటపడుతుంది. తలకు నూనె తక్కువ రాసుకుని ఉంటే ఇంత జరిగేది కాదేమోనని ఆయనకు మొదటిసారిగా అనుమానం వచ్చింది.

“ఏ దారీ లేనప్పుడు వెళ్ళడమే దారండి” అన్నారు శేషగిరిరావు గారు, తాంబూలం నములుతూ. నమిలేవాడికి అన్నీ సులువు.

కొల్లేటి గట్టు ఆ సాయంత్రం ఒక సామ్రాజ్యపు సంధి మండపంలా ఉంది. పాకలో చాపలు పరిచి విస్తరాకులు వేశారు. చెరువుల మీదుగా గూడబాతులు బారులు కట్టి పోతున్నాయి. పొయ్యిల దగ్గర సరోజ గారూ సలోమి గారూ ఒకరి భుజం ఒకరు తాకుతూ, ఇన్నేళ్ళ మాటలను ఒకే పూటలో వడ్డించుకుంటున్నారు. పొద్దున్న ఎవరు ఎవరింట్లో తిన్నారన్న ప్రస్తావన మాత్రం ఇద్దరిలో ఒక్కరూ తేలేదు. పులుసు వాసన గట్టు దిగి, నీటి మీద నడిచి, అవతలి ఊరి దాకా వెళ్ళి ఉంటుంది. మాస్టారి కాళ్ళలో మాత్రం నడక తగ్గింది.

ప్రసాదరావు గారు ఎదురు వచ్చారు. ఆయనా గంజి లాల్చీలోనే ఉన్నారు. రంగు వేసిన ఆయన జుట్టు నుంచి నూనె చెంపల మీదికి దిగుతోంది. పౌడరు ఆ నూనెకు అక్కడక్కడ దారి ఇచ్చింది. విందుకని ఎంత సింగారించుకున్నాడో చూడు అనుకున్నారు మాస్టారు. 

“బాగున్నారా అండీ?” అన్నారు మాస్టారు.

“బాగున్నానండి. పొద్దున్నే చూశారు కదండీ” అన్నారు ప్రసాదరావు గారు, ఆయన కళ్ళలోకి కాకుండా కండువాలోకి చూస్తూ.

వలే. సందేహం లేదు. ఇద్దరూ కౌగిలించుకున్నారు. సూర్యకాంతం గారు ఆ దృశ్యాన్ని ఫోనులో బంధించి, అక్కడికి రాని వారందరికీ పంపించారు.

అందరూ కూర్చున్నారు. అన్నం వడ్డించారు, పులుసు వడ్డించారు. కొర్రమీను ముక్క ఒకటి మాస్టారి విస్తట్లో నుంచి ఆయన వంక చూస్తోంది. పడమట సూర్యుడు నీటి గీతకు ఇంకా నాలుగు వేళ్ళ ఎత్తున ఉన్నాడు. మాస్టారు మనసులో ఆదివారం ప్రసంగానికి వీడ్కోలు చెప్పారు.

అప్పుడు ఎడ్విన్ అయ్యగారు లేచి, ఆ క్రిస్మస్ నాడు ఆగిపోయిన ప్రార్థన ఈ రోజు పూర్తి కావాలని తన కోరిక అన్నారు. ప్రసాదరావు గారు ఎక్కడ ఆపారో అక్కడి నుంచే ప్రార్థించాలన్నారు. సంఘం విస్తళ్ళ వంక ఒకసారి చూసి, విధిలేక కళ్ళు మూసుకుంది.

ప్రసాదరావు గారు లేచి, ఎర్రసముద్రం ఒడ్డున మొదలుపెట్టారు. సముద్రాన్ని చీల్చారు. జనాన్ని దాటించారు, ఒక్కొక్క గోత్రాన్నీ విడివిడిగా. అరణ్యంలో తిప్పారు. న్యాయాధిపతులనూ రాజులనూ ఎవరినీ వదలలేదు. పులుసు మీద తెట్టె కట్టడం మొదలైంది. చాపల మీద కదలిక, దగ్గు, ఒక పెద్దాయన నిట్టూర్పు. ప్రార్థన అపొస్తలులను దాటి ఏలూరు చేరింది. కొల్లేటి నీటి కోసం, పక్షుల కోసం, చేపలకు రోగాలు రాకుండా, చివరికి ట్రాన్స్‌ఫార్మర్లు కాలకుండా కూడా ఆయన ప్రార్థించారు.

ఇన్నేళ్ళయినా ఈ మనిషి మారలేదని విసుక్కోబోయి, సూర్యుడు ఎంత దిగాడో చూద్దామని మాస్టారు ఒక కన్ను తెరిచారు. నిలబడి ప్రార్థిస్తున్న ప్రసాదరావు గారి ముఖం పడమటికి తిరిగి ఉంది. ఆయన కూడా ఒక కన్ను తెరిచే ఉన్నారు. ఆ కన్ను సూర్యుడి మీద ఉంది. అదే క్షణంలో, ఒక వాక్యానికీ మరొక వాక్యానికీ నడుమ, ఆయన కడుపు సుదీర్ఘంగా మూలిగింది. పొద్దున్న టిఫినూ మధ్యాహ్నం భోజనమూ చేసిన కడుపు అలా మూలగదు. మాస్టారికి ఆ భాష ఆ రోజు బాగా వచ్చు.

నూనె, పౌడరు, గంజి లాల్చీ, పొద్దున్న ఎవరింట్లో తిన్నాడో చెప్పిన మాట. అన్నీ ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డాయి. వాకబు జరగని ఇల్లు లోకంలో ఒక్కటే ఉందని ఈయన లెక్క వేసినట్టే, ఆయనా లెక్క వేశారు. ఆదివారం ప్రసంగం తరువాత ప్రార్థన ప్రసాదరావుకు అప్పగించానని అయ్యగారు ఆ వారం మొదట్లో అన్నట్టు కూడా గుర్తొచ్చింది. రెండు కళ్ళూ ఒకదానినొకటి చూసుకున్నాయి. రెండూ సిగ్గుపడ్డాయి.

ఇంతలో ప్రసాదరావు గారి గొంతు తడబడింది. ఆకలికి ఊపిరి తగ్గింది, విషయం కూడా తరిగిపోయింది. ప్రపంచంలో ఇక ప్రార్థించవలసిందేమీ ఆయనకు కనబడలేదు. సూర్యుడు ఇంకా బొటనవేలంత ఎత్తున ఉన్నాడు. సంఘమంతా ‘ఆమేన్’ అనడానికి గుండెల నిండా గాలి పీల్చుకుంది. ఆ మాట బయటికి వస్తే ఇద్దరి ఉపవాసమూ అక్కడితో సరి.

కృపానందం గారు లేచి నిలబడ్డారు. నాటి సంఘటన ఎరిగినవారు అదిరిపడ్డారు.

“ఇంకా ప్రభువా” అన్నారు మాస్టారు.

చాపల మీద నుంచి ఒక సన్నని మూలుగు వినిపించింది. ఆయన లక్ష్యపెట్టలేదు. ప్రసాదరావు గారు వదిలిన చోట పట్టుకుని, బడి గోడల నుంచి మొదలుపెట్టి, తాను చదువు చెప్పిన పిల్లలందరినీ, తమ్మిలేటి వరదనీ, రొయ్యల ధరనీ, ద్వారకా తిరుమల రోడ్డు మీది గోతులనీ దేవుని సన్నిధిలో ఉంచారు. చెప్పవలసినవి అయిపోవస్తున్నాయి. సూర్యుడి అంచు నీటిని తాకింది. చివరికి చెప్పవలసింది ఒక్కటే మిగిలింది. అది ఆయన తలపెట్టినది కాదు.

“ఆ క్రిస్మస్ నాడు నీ దాసుడు నీతో మాట్లాడుతుంటే, బిర్యానీ చల్లారిపోతుందని నేను నోరు జారాను తండ్రీ. నా తొందరకి రెండిళ్ళు చల్లారిపోయాయి. ఈ పొద్దుతో ఆ ఎడం కూడా పోనివ్వు.”

నీటి మీద మిగిలిన ఎర్రని తునక కూడా మునిగిపోయింది. ఇద్దరు పెద్దలూ ఒక్క గొంతుగా ‘ఆమేన్’ అన్నారు. సంఘం ఎంత బిగ్గరగా అన్నదంటే చెరువులో చేపలు ఎగిరిపడ్డాయి.

ఎడ్విన్ అయ్యగారు కళ్ళు తుడుచుకున్నారు. ఇద్దరు పెద్దలు తిండి చల్లారుతున్నా లెక్కచేయక, పొద్దు గుంకేదాకా జంటగా ప్రార్థించిన సంఘం ఈ జిల్లాలో మరొకటి లేదని ఆయన అన్నారు. అందరికీ అలాగే అనిపించింది. దోమలు వచ్చేశాయి, ఎవరూ తోలుకోలేదు.

భోజనాలు మొదలయ్యాయి. పక్కపక్కనే కూర్చున్న పెద్దలిద్దరూ తినడం ఆ సంఘం చాలాకాలం చెప్పుకుంది. రెండో వడ్డనకు ప్రసాదరావు గారు విస్తట్లోకి చూస్తూనే అడిగారు.

“మా ఇంట్లో టిఫిను బాగుందా మాస్టారూ?”

“దివ్యంగా ఉందండి. మీకు మా పెసరట్టు ఎలా ఉంది?”

“అంత పెసరట్టు నేను జన్మలో తినలేదండి.”

“ఇంకెవరికైనా చెప్పారా?”

“ఎవరికి చెబుతానండి. అది పైనున్న ఆయనకీ మనకీ మధ్య విషయం.”

మూడోసారి పులుసు పోయించుకొంటూ కృపానందం గారు ఆదివారం ప్రసంగంలోని మొదటి వాక్యాన్ని కూర్చుకున్నారు. ఉపవాసమంటే ఏమిటో ఈ సంఘంలో ఇద్దరికి తెలుసు అన్నది ఆ వాక్యం. పేర్లు చెప్పకూడదు. చెప్పకపోయినా, ఆ ఇద్దరు ఎవరో సంఘం తనంతట తానే ఊహించుకునేలా ఎక్కడ ఆగాలో మాత్రం ఆలోచించాలి. ఆయన ఛాతీ లాల్చీకి కొంచెం ఇరుకయింది. ఇంత అమృతంలాంటి పులుసు జీవితంలో తినలేదని పైకే అన్నారు. ప్రసాదరావు గారు బలపరిచారు. మిగిలినవారెవరూ ఏమీ అనలేదు.

స్త్రీల వరుసలో సూర్యకాంతం గారు రెండో ముద్ద దగ్గరే ఆగిపోయి ఉన్నారు.

“సరోజక్కా, పులుసులో ఉప్పు వేసినట్టు లేదే. రుచి చూడలేదా?”

“శుక్రవారం నేనెప్పుడు రుచి చూశానమ్మా” అన్నారు సరోజ గారు, అన్నం గిన్నె మీద నుంచి తల ఎత్తకుండా. “సలోమి వదిన చూస్తుందనుకున్నాను.”

“నేనా?” అన్నారు సలోమి గారు. “నాకూ శుక్రవారమే కదా వదినా, పెళ్ళయినప్పటి నుంచీ.”

“అయితే మీరిద్దరూ ఉపవాసమా?” అన్నారు సూర్యకాంతం గారు. ఈ సంగతి స్త్రీల సమాజానికి ఇన్నేళ్ళూ ఎలా తెలియలేదో ఆవిడకు అంతుపట్టలేదు.

“ఊరుకో. అదేమన్నా చెప్పుకునే విషయమా?” అని సరోజ గారు ఉప్పు డబ్బా తెచ్చి వరుసలో అందించారు.

తమ ఇంట్లో శుక్రవారం నాటి కూరలో ఉప్పు ఎప్పుడూ అటో ఇటో అవుతుందని కృపానందం గారికి పెళ్ళయిన కొత్త నుంచీ తెలుసు. ఎందుకని మాత్రం ఆయన ఏనాడూ అడగలేదు.